డబ్బున్న చుట్టానికీ వరస ఉంటాది

శనివారం మధ్యాహ్నం దాటితే మన శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం లైట్‌హౌస్ దారిలో కార్లు మొదలవుతాయి. ఎవరు ఎక్కణ్ణించి వచ్చారో నంబరు ప్లేటు చూడకుండానే బడ్డీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు చెప్పేస్తారు. విశాఖవాళ్లకి సముద్రం కొత్త కాదు, దిగగానే చేప ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. హైదరాబాదువాళ్లు పాంటు మడుచుకుంటూ నీళ్లలోకి పరిగెడతారు. బారువ వైపు వెళ్తే బరంపురం కార్లే ఎక్కువ. ఇచ్ఛాపురం చుట్టుపక్కల సగం ఊళ్లలో ఒడియా వినిపిస్తుంది కాబట్టి వాళ్లు మనకి పూర్తిగా బయటోళ్లు కారు. ఇక సంక్రాంతికి వచ్చే కార్లు వేరు. అవి మనవాళ్లవే. పదేళ్ల కిందట ఇదే ఊరి నుంచి వలస పోయిన మనిషి కూలింగ్ గ్లాసు పెట్టుకుని దిగుతాడు.

వీళ్లందరి మీదా మన జనానికి ఉన్న అభిప్రాయాన్ని 'అతిథి దేవోభవ' అని ఒక మాటతో కప్పేయడం పర్యాటక శాఖ బోర్డులకి సరిపోతుంది. 'డబ్బున్నోళ్లంటే కుళ్లు' అనడమూ అంతే తేలిక. అసలు సంగతి 'వరస' అన్న మాటలో ఉంది. ఆ మాటకి మనకి రెండర్థాలున్నాయి. ఎవరు ఎవరికేమవుతారన్నది ఒకటి, ఎవరి తర్వాత ఎవరన్నది రెండోది. కారులో వచ్చినాయన ఈ రెండింటిలో ఏది తప్పినా గొడవే. ఎక్కడెక్కడ తప్పుతాడో, తప్పితే ఎవరికి ఎంత నష్టమో ఒక్కొక్కటే చూద్దాం.

ముందు అలివి వల. ఒడ్డు నుంచి లాగే ఈ పెద్ద వల చూసి ఫోన్ బయటికి తీయనివారుండరు. ఒక తాడు కొస ఒడ్డున వదిలి, పడవ వల దించుకుంటూ సముద్రంలో అర్ధచంద్రాకారంగా తిరిగి, రెండో తాడు కొసని దూరంగా మరోచోట ఒడ్డుకి తెస్తుంది. మధ్యలో సన్న కన్ను (వల సందు) సంచి, దానికి రెండు పక్కలా పెద్ద కన్ను రెక్కలు, పైన తేలే బెండ్లు, కింద బరువులు కట్టిన అడుగు తాడు. రెండు గుంపులు చెరో తాడూ పట్టి లాగుతూ ఒకరికొకరు దగ్గరవుతారు. గంటల తరబడి పని. రెండు వైపులా ఒకే జోరుతో లాగాలి. ఒక వైపు ముందుకు పోతే సంచి పక్కకి తిరిగి చేప జారిపోతుంది. ఐలెస్సా పాట ఉన్నది దీని కోసమే, వినేవాళ్ల సరదా కోసం కాదు.

ఇప్పుడు నలుగురు కుర్రాళ్లు వీడియో కోసం ఒక పక్క తాడు పట్టుకుంటారు. అయిదు నిమిషాలు ఊపుమీద లాగుతారు, ఆ పక్క జోరెక్కుతుంది. వీడియో అయిపోగానే ఒక్కసారి వదిలేస్తారు. తడి తాడు వెనక్కి జారి వెనకున్న ముసలాయన అరచేతులు తోలు లేస్తాయి. తాడు పట్టాలనుంటే వలపెద్దని అడగండి, చివర చేరండి, వదిలేముందు చెప్పి వదలండి. ఇంకో తప్పు దీనికంటే ఖరీదైనది. సంచి ఒడ్డుకి దగ్గరయ్యాక లోపలేముందో చూద్దామని అడుగు తాడు పైకెత్తుతారు. ఆ తాడు చివరిదాకా ఇసుకని అంటుకునే ఉండాలి. జానెడు లేస్తే చాలు, అప్పటిదాకా పడిన కష్టం ఆ సందులోంచి వెళ్లిపోతుంది. వల మీద చెప్పులతో నడిస్తే కన్ను తెగుతుంది. దాన్ని కూర్చుని కుట్టడానికి ఒకరికి పూట పడుతుంది, ఆ పూటకి కూలి ఎవరూ ఇవ్వరు.

తాడు పట్టినవాళ్ల మొహాలు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఎక్కువమంది యాభై దాటినవాళ్లు, ఆడవాళ్లు. వయసు కుర్రాళ్లలో చాలామంది గుజరాత్‌లోని వేరావల్‌లో ఇంకొకరి బోట్ల మీద ఉంటారు. 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో తిరిగొచ్చిన మత్స్యకారులు మన శ్రీకాకుళం, విజయనగరం తీరాల వాళ్లే కదా.

వల ఒడ్డుకొచ్చాక అసలు పేచీ మొదలవుతుంది. సంచి విప్పగానే కారాయన వంగి, మెరుస్తున్న చందువ ఒకటి చూపించి 'ఇదెంత? అయిదొందలిస్తా' అంటాడు. ఆయన దృష్టిలో అది ఉదారం. కానీ ఆ కుప్ప ఇంకా ఎవరిదీ కాదు. వల యజమానికి, పడవకి, లాగినవాళ్లకి వాటాలు తేలాలి, వేలంపాట జరగాలి. వాటాల లెక్క ఊరూరికీ మారుతుంది గాని, వాటా తేలకముందు చేప చేతులు మారకూడదన్నది అన్ని ఊళ్లలోనూ ఒకటే. నోటు చూసి ఎవరో ఒకరు చేప తీసిచ్చారనుకోండి, రాత్రి వాళ్ల వీధిలో తగువు తప్పదు. పైగా పాట పాడడానికి గంప పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లకి మంచి చేప ముందే పోయి కవళ్లూ నెత్తళ్లూ లాంటి చిన్న చేపలే మిగులుతాయి. వాళ్ల బేరం, చీటీ వాయిదా అన్నీ ఆ మంచి చేప మీదే ఆధారపడి ఉంటాయి.

కాబట్టి పాట అయ్యేదాకా ఆగండి. కుప్ప దక్కించుకున్నామె దగ్గరికెళ్లి 'అప్పా, ఎంతకి పాడేవు?' అని అడగండి (అప్ప అంటే మన వైపు అక్క). ఆమె నిజమే చెబుతుంది, దాని మీద తన లాభం వేసుకుని ఇస్తుంది. అది న్యాయమైన ధర. పెద్ద చేప కావాలంటే తాజాతనం మీరే చూసుకోవచ్చు: మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. ఇంకొకటి, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. సరిగ్గా వేసవి సెలవులు. ఆ రోజుల్లో దాబాలో 'ఇప్పుడే పట్టిన కోనాం' అని వడ్డిస్తే అది ఐసులో నిలవున్నదో, పడమటి తీరం నుంచి లారీలో వచ్చిందో అయ్యుంటుంది. ఒడ్డున తెప్పల మీద దొరికే చిన్న చేప తినండి, లేదంటే ఎండుచేప పులుసు అడగండి. ఆ రోజుల్లో మన ఇళ్లలో వండుకునేదీ అదే.

సముద్రంలో దిగే విషయంలో మాత్రం మర్యాదలకి చోటు లేదు. కళింగపట్నంలో వంశధార, బారువలో మహేంద్రతనయ సముద్రంలో కలుస్తాయి. నదీముఖం దగ్గర ఇసుక దిబ్బలు ప్రతి వరదకీ స్థలం మారతాయి. పోయిన ఏడాది మోకాలిలోతు ఉన్నచోట ఈ ఏడాది రెండు నిలువుల లోతుండొచ్చు. ఒడ్డుకొచ్చిన నీరు ఒక సన్నని పాయగా లోపలికి లాగుతుంది. పక్కన అలలు తెల్లగా విరుగుతుంటే అక్కడొక్కచోట నీరు ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో కనిపిస్తుంది. తెలియనివాడు దిగేది ఆ ప్రశాంతమైన చోటే. లాగేస్తుంటే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకి ఈది పాయ దాటాక తిరగాలి. వలలు బాగుచేసుకుంటున్న ముసలాయన 'అక్కడ దిగొద్దు బాబూ' అంటే 'మాకు ఈత వచ్చు' అని జవాబిస్తారు. ఈత వచ్చన్న ధీమాతోనే లోపలికి పోతారు. వాళ్లని తేవడానికి దూకేది జీతం లేని ఆ ముసలాయన కొడుకే.

తాబేళ్ల గురించి చెప్పాలంటే ముందు శ్రీకూర్మం గుర్తుచేసుకోవాలి. విష్ణువుని తాబేలు రూపంలో మూలవిరాట్టుగా కొలిచే గుడి మన గార మండలంలో ఉంది. ఆలివ్ రిడ్లీ తాబేలు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడితే మన తీరంలో దాన్ని పరాయి జీవిగా చూడరు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట వచ్చి, గొయ్యి తవ్వి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి వెళ్తుంది. ఇసుక వేడిని బట్టి 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటపడతాయి. చీకట్లో వాటికి తెలిసిన దారి ఒక్కటే, వెలుతురున్న వైపు. రాత్రి సముద్రం మీద ఆకాశం కొంచెం తేటగా ఉంటుంది గనక అవి నీళ్లలోకి చేరేవి. ఇప్పుడు రిసార్టు ఫ్లడ్‌లైటు, పార్కు చేసిన కారు హెడ్‌లైటు వాటిని ఊరివైపు లాగుతున్నాయి. తెల్లారేసరికి కాకులకీ కుక్కలకీ దొరుకుతాయి. ఇసుక మీద కారు నడిపితే రెండు నష్టాలు: గూడు మీద ఇసుక గట్టిపడి పిల్ల పైకి రాలేదు, చక్రాల గాడిలో పడిన పిల్ల ఆ గాడి వెంటే పోతుంది తప్ప గోడెక్కలేదు. వేలెడంత పిల్లకి టైరు గాడి కాలవంత లోతు. పిల్లల్ని వదిలేచోట అరచేతిలో పెట్టుకుని ఫొటో దిగడానికి డబ్బిస్తామంటారు కొందరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలు జీవి, ముట్టుకోవడమే నేరం కింద పోతుంది. చూడాలంటే నిలబడి, ఫ్లాష్ ఆపి, ఎర్ర కాయితం చుట్టిన టార్చితో చూడండి.

తేలుకుంచి సంగతి వేరు. ఇచ్ఛాపురం దగ్గర ఈ ఊరికి తొలకరితో నత్తగుల్ల కొంగలు వస్తాయి. చింతచెట్ల మీద, ఇళ్ల మధ్యనే గూళ్లు కడతాయి. పిల్లలు ఎగిరేదాకా ఉండి చలికాలం మొదట్లో వెళ్తాయి. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లలు అంటారు వాటిని. అంటే కొంగకి ఒక వరస దొరికింది. ఆ వరస ఉత్తినే రాలేదు. నెలల తరబడి పెంకు మీదా పెరట్లోనూ రెట్ట, చేపల నీచు వాసన, రాలిపడిన పిల్లలు, గూడున్న కొమ్మ నరకడానికి వీల్లేకపోవడం, ఇవన్నీ ఊరు భరిస్తేనే వచ్చింది. బదులుగా అవి పొలంలో నత్తలు తింటాయి, రెట్ట ఎరువవుతుంది. ఇక కారు దిగిన ఆవిడ ముక్కుకి చీర కొంగు అడ్డుపెట్టుకుని 'ఈ కంపులో ఎలా ఉంటారమ్మా' అంటుంది. ఆడపిల్ల పురిటి గదికొచ్చి ముక్కు మూసుకున్నట్టు. ఇంటావిడ నవ్వుతుంది, ఏమీ అనదు. ఆ నవ్వు అంగీకారం కాదని చెప్పడానికే ఇంత రాయాల్సి వచ్చింది.

అక్కడ డ్రోన్ ఎగరేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. పైనుంచి వచ్చే చప్పుడు గద్ద అనుకుని తల్లులన్నీ ఒక్కసారి లేస్తాయి. ఆ రెండు నిమిషాల్లో కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి, తల్లి లేచిన విసురుకి పిల్లలు గూట్లోంచి పడతాయి. ఎగిరే ఫొటో కోసం పిల్లాడి చేతిలో పది రూపాయలు పెట్టి చప్పట్లు కొట్టించడం కూడా అంతే పని. ఆ పిల్లాడికి మీరు నేర్పింది, చుట్టాన్ని తరిమితే డబ్బొస్తుందని. పొద్దున్నే 6 నుంచి 8 లోపు రండి, చెట్టు కింద కాకుండా ఎడంగా నిలబడండి, 8x42 బైనాక్యులర్ తెచ్చుకోండి. టెక్కలి దగ్గర తెలినీలాపురంలోనైతే వాచ్ టవర్ ఉంది. అక్కడికి గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్కులు చలికాలపు పక్షులుగా వస్తాయి.

ఆ గూడబాతులు మేతకెళ్లేది నౌపడ చుట్టూ ఉన్న చిత్తడి నేలలకి, మన మాటలో బీలకి. బయటి డబ్బు మీద సిక్కోలు (శ్రీకాకుళం) జనానికున్న అనుమానం అర్థం కావాలంటే ఆ బీల గుర్తుండాలి. సోంపేటలో 2010 జులై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు పోయారు. అంతకుముందు 1940లో అడవి కర్ర కోసం మందస జమీందారీని ఎదిరించి తూటాకి పడిపోయిన గున్నమ్మ ఉంది. 'మీ ప్రాంతాన్ని అభివృద్ధి చేస్తాం' అంటూ కారు దిగినాయన్ని మనవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెడతారు, మజ్జిగ ఇస్తారు, కాగితం మీద మాత్రం సంతకం పెట్టరు. వెనుకబాటు అని పేరు పెట్టిన దాంట్లో కొంత ఇలాంటి జాగ్రత్తే.

పలాస జీడిపప్పు దగ్గరికొస్తే గొడవ చిన్నది, లెక్క మాత్రం తెలిసి ఉండాలి. ఇక్కడ పిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్క. అందులోంచి పప్పు సుమారు 20 కిలోలు దిగుతుంది. ఉడికించాలి, పిక్క కోయాలి, ఆరబెట్టాలి, పై పొర ఒలవాలి, గ్రేడు చేయాలి. పిక్క తోలు నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, కోసే ఆడవాళ్లు చేతులకి బూడిదో ఆముదమో రాసుకుంటారు. వేళ్లు నల్లబడి ఉంటే అది మురికి కాదు. షాపులో 'డబ్ల్యూ 320' అన్నది ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, 320 దాకా గుండు పప్పులు తూగుతాయని. అంకె తగ్గే కొద్దీ పప్పు పెద్దది. 100 గ్రాములు తూయించి లెక్కపెట్టండి: 320 రకమైతే 66 నుంచి 70, 240 అయితే 48 నుంచి 53, 180 అయితే 37 నుంచి 40 రావాలి. విరిస్తే టక్కుమనాలి, వంగితే తేమ పట్టినట్టు. కిలోకి రెండొందలు తగ్గించమని అరగంట పట్టుబట్టి గెలిచి వెళ్లేవాళ్లకి సాధారణంగా దక్కేది పైన పెద్ద పప్పు, అడుగున చిన్న పప్పు. వంట కోసమైతే బద్ద కొనండి, రుచి ఒకటే, ధర తక్కువ.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. మొహం చూసి రేటు చెప్పడం. ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దిగినాయన సూట్‌కేసుకి చక్రాలుంటే ఒక రేటు, బస్తా అయితే ఒక రేటు. అక్కణ్ణించి శ్రీకాకుళం ఊరికి 13 కిలోమీటర్లే. కొబ్బరిబొండం కూడా ఏసీ కారు అద్దం దిగితే పది పెరుగుతుంది. ఇది తెలివి అనుకుంటున్నాం గాని, రెండు రేట్లున్నచోట ఏ రేటూ నిలవదు. మోసపోయానని తెలిసినవాడు తర్వాతిచోట నిజమైన ధరకి కూడా సగం అడుగుతాడు, ఆ దెబ్బ పొందూరు ఖాదీ నేతగాడికో వాలుగ చేప దవడతో పత్తి ఏకే ముసలామెకో తగులుతుంది. పలక మీద సుద్దతో రేటు రాసి వేలాడదీస్తే సగం గొడవ పోతుంది. కారు చూడగానే 'బాబూ, బాబూ' అని వంగిపోవడం, మన యాస మింగేసి సినిమా తెలుగు మాట్లాడడం మానేస్తే మిగతా సగం కూడా.

భూమి సంగతి వేరే పోస్టుకి సరిపడా ఉంది. ముఖ్యమైనది ఒక్కటి చెప్పాలి. భోగాపురం ఎయిర్‌పోర్టు కబురు మొదలైనప్పటి నుంచి విజయనగరం జిల్లా తీరమంతా, భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో, తోటలు చేతులు మారుతున్నాయి. కొన్నవాడు తన హద్దు మేరకే గోడ కడతాడు. కానీ సముద్రానికి వెళ్లే కాలిదారి ఆ తోటలోంచే ఉంటుంది. అప్పటిదాకా ఎవరూ ఆపలేదు గనక ఎవరూ కాగితం అడగలేదు. గోడ లేచాక అరిస్తే లాభం లేదు, ముందే చేయాల్సినవి ఉన్నాయి. గ్రామ సర్వేయరు దగ్గర ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు తీసుకుని డొంక గీసి ఉందో లేదో చూడండి. వలలు ఆరేసే దిబ్బ పోరంబోకు అయితే అది రిజిస్ట్రేషన్లు ఆపే 22-ఏ నిషేధిత జాబితాలో చేరిందో లేదో చూడండి. పట్టా భూమిలోంచి పోయే దారైనా, ఎదురు లేకుండా హక్కుగా 20 ఏళ్లు వాడినట్టు చూపగలిగితే 1882 ఈజ్‌మెంట్ల చట్టం కింద హక్కు అడగొచ్చు. అందుకే పాత ఫొటోలు, వరద సాయం రిజిస్టర్లు, పెద్దల వాంగ్మూలాలు పోగుచేసుకోండి. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత తక్కువున్న పల్లె తీరంలో పోటు నీరు చేరే గీత నుంచి 200 మీటర్ల దాకా కట్టడాలు నిషిద్ధం, జనం చిక్కగా ఉన్నచోట అది 50 మీటర్లు. కొనేవాళ్లకీ ఇదే సలహా: దారి వదిలి గోడ కట్టండి. నాలుగడుగుల దారి వదిలినాయన తోటలో కొబ్బరికాయ పోదు.

డబ్బున్నవాళ్లని ఎక్కడ కూర్చోబెట్టాలో మన పెద్దలకి తెలియకపోలేదు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను చూడండి. దసరా వెళ్లిన మంగళవారం, మాను చివరన కూర్చున్న పూజారి అమ్మవారి రూపంగా గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. సిరిమానుకి ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. రాజకుటుంబం కోట బురుజు మీద కూర్చుని ఎదురుచూస్తుంది. వల పట్టినవాళ్లు ఊరేగింపులో ఉంటారు, రాజు చూసేవాళ్లలో ఉంటాడు. అరసవిల్లి రథసప్తమికి అర్ధరాత్రి నుంచి వరసలో నిలబడ్డ జనం పక్కనుంచి పాసు మెళ్లో వేసుకుని పోయేవాళ్లని జనం ఏ చూపు చూస్తారో చూశాక, ఈ పాత పద్ధతిలో తెలివుందని అనిపిస్తుంది.

చివరికి ఏ ఊరెళ్లినా, ఏ అరుగు ముందు ఆగినా మీకు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంటుంది: 'ఎవలి తాలూకా?' అంటే, ఎవరి మనుషులు అని. ఉద్యోగం చెప్పొద్దు, కంపెనీ పేరు చెప్పొద్దు, కలెక్టరాఫీసులో తెలిసినాయన పేరు అసలు చెప్పొద్దు. ఆ ప్రశ్నకి అవేవీ జవాబులు కావు. మీ తాతది పక్క మండలమైతే ఆ ఊరి పేరు చెప్పండి, ఇంటిపేరు చెప్పండి, పది నిమిషాల్లో ఎవరికో ఒకరికి వరస కలిపేస్తారు. ఎవరూ లేకపోతే ఆ మాటే చెప్పండి, 'ఎవరి తాలూకా కాదప్పా, సముద్రం చూడ్డానికొచ్చాం' అని. గంప దించుకుని ఆమె ఒకసారి మీ మొహం, ఒకసారి మీ పిల్లల మొహం చూస్తుంది. 'అయితే ఎండలో నిలబడ్డారేటి, ఇటు రండి' అంటుంది.